పసికందు తలలోని చీకటిని ఛేదించిన వైద్యుడు

పసిబిడ్డకు తల నొప్పిగా ఉంటే చెప్పుకోలేడు. ఏడుస్తాడు, పాలు కక్కుతాడు, తల నిలపలేకపోతాడు. దీనికి మెదడులో దాగిన కణితి కారణం కావచ్చునని అనుమానించినా, 1918కి ముందు వైద్యులకు దాన్ని చూసే మార్గం దాదాపు లేదు. ఎక్స్‌రేలో పుర్రె ఎముక కనిపించేదే గాని మెత్తని మెదడు కనిపించేది కాదు.

ఆ మార్గం చూపిన డాక్టర్ వాల్టర్ డాండీ 1886 ఏప్రిల్ 6న అమెరికాలోని సెడాలియా పట్టణంలో జన్మించారు. తల్లిదండ్రులు వలస వచ్చినవారు. తండ్రి రైలింజను డ్రైవరు. 1910లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో వైద్యపట్టా పొందిన డాండీ, జీవితాంతం అక్కడే సేవ చేశారు.

పిల్లల వైద్యుడు కెన్నెత్ బ్లాక్‌ఫాన్‌తో కలిసి ఆయన పసివారి తలలో నీరు ఎందుకు చేరుతుందో పరిశోధించారు. మెదడు గదుల్లోకి రంగుమందు ఎక్కించి, అది వెన్నులోకి దిగుతుందో లేదో పరీక్షించారు. దిగకపోతే దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్లే. కాని ఆ అడ్డు ఎక్కడ?

పేగుల్లోని గాలి ఎక్స్‌రేలో స్పష్టంగా తెలుస్తుంది. ఆ సంగతే ఆయనకు దారి చూపింది. 1918లో ఆయన మెదడు గదుల్లోని నీటిని కొద్దికొద్దిగా తీసి, ఆ చోట గాలి నింపి ఎక్స్‌రే తీశారు. తొలుత పరీక్షించినది 6 నెలల నుండి 12 ఏళ్ల లోపు పిల్లలనే. పసికందులకు నడినెత్తిన మాడు ఇంకా మూసుకోదు గనుక సూది అక్కడి నుండే దించవచ్చు. గది ఒకవైపు నొక్కుకుపోయినా, పక్కకు జరిగినా కణితి ఆచూకీ తెలిసేది.

ఈ పరీక్ష సులభమైనది కాదు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు వచ్చేవి. కొందరు ప్రాణాలే కోల్పోయారు. దీనిపై ఆధారపడి వైద్యులు రోగిని స్వయంగా పరీక్షించడం మానేస్తారని ప్రఖ్యాత శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ హెచ్చరించారు. అయినా కణితి జాడ తెలియక తల తెరవడం అంతకంటే ప్రమాదమని డాండీ వాదించారు.

1946 ఏప్రిల్ 19న ఆయన కన్నుమూశారు. 1971లో లండన్‌లో తొలి రోగికి సీటీ స్కాన్ తీశాక, క్రమంగా గాలి పరీక్ష మరుగున పడింది. నేడు పసివారి మాడు మీద అల్ట్రాసౌండ్ పరికరం ఆనించి నొప్పి లేకుండా లోపలికి చూస్తున్నారు. వివరంగా చూడవలసివస్తే ఎం.ఆర్.ఐ. తీస్తారు.

తల్లిదండ్రులారా, బిడ్డ తల త్వరత్వరగా పెరుగుతున్నా, మాడు ఉబ్బినా, వాంతులు ఆగకున్నా, కనుపాపలు కిందికి వాలిపోయినా దిష్టి అని సరిపెట్టుకోకండి. వెంటనే పిల్లల వైద్యునికి చూపించండి. కారణం కణితి కాకపోవచ్చు. కాదని తేల్చుకునే సాధనాలు మాత్రం మనకిప్పుడు ఉన్నాయి.