గానయోగి ఘంటసాల

తెరపై బొమ్మలు కదలుచుండగా పాటను, వాద్యములను ఆపివేసినచో చిత్రము సగము మూగదియగును. నాయిక కన్నీరు కార్చుచున్నను చూచువాని కన్ను తడియదు. వెన్నెలలో పడవ సాగుచున్నను మనసు తేలదు. సన్నివేశమునకు తగిన రాగము, మాటకు తగిన స్వరము కుదిరినప్పుడే కథలోని సుఖదుఃఖములు ప్రేక్షకునివి యగును. తెలుగు చలనచిత్రములలో ఈ రహస్యమును సాధించి చూపినవారిలో ఘంటసాల వేంకటేశ్వరరావు ముఖ్యుడు.

కృష్ణాజిల్లాలో గుడివాడ ప్రాంతమున చౌటపల్లి యను గ్రామము కలదు. 1922వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన సూరయ్య, రత్తమ్మ అను దంపతులకు ఘంటసాల అచ్చట జన్మించెను. సూరయ్య నారాయణతీర్థుల తరంగములను పాడుటలోను, మృదంగము వాయించుటలోను నేర్పరి. తండ్రి పాడుచుండగా ఆ పసివాడు పాటకు అనుగుణముగా నృత్యము చేయుచుండెను. చూచినవారు బాలభరతుడని పిలిచి మురిసిపోవుచుండిరి.

ఆ ముచ్చట ఎంతోకాలము నిలువలేదు. కుమారునకు పదునొకండేండ్లు వచ్చునప్పటికి సూరయ్య కన్నుమూసెను. తన బిడ్డ గొప్ప సంగీత విద్వాంసుడు కావలెనన్నది ఆయన కడపటి కోరిక. కుటుంబభారమును మేనమామ వహించెను. తండ్రి కోరికను బాలుడు మరువలేదు. కాని అది తీరు దారి వెంటనే కానరాలేదు. ఒకప్పుడు పెద్ద విద్వాంసులతో పోటీపడి పాడి, నలుగురిలో పరిహాసము పాలయ్యెను. ఆ అవమానము ఆతనిలో పట్టుదలను పెంచెను. సంగీతము నేర్పుదుమని చెప్పినవారి యిండ్లలో ఒకచోట బట్టలుతికెను. మరియొకచోట వంట చేసెను. రెండేండ్లు గడచినను ఆశించిన విద్య లభింపలేదు. తుదకు తన వ్రేలి ఉంగరమును అమ్ముకొని, ఆ కొద్దిపాటి సొమ్ముతో విజయనగరమునకు ప్రయాణమయ్యెను.

అచ్చటి సంగీత కళాశాల వేసవి సెలవులకు మూసియుండెను. అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ యువకుని దీనస్థితి చూచి కళాశాల ఆవరణమున ఉండుటకు అనుమతించిరి. పిమ్మట పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆతనిని శిష్యునిగా స్వీకరించిరి. గురువు సంపన్నుడు కాడు. విద్యాదానమున మాత్రము లోటు చేయలేదు. ఘంటసాల జోలె పట్టి ఇల్లిల్లు తిరిగి మధుకరము చేసి, దొరికిన అన్నమును రెండు పూటలకు సరిపెట్టుకొనెను. భిక్షాన్నము తినుచున్నందుకు ఆతడు సిగ్గుపడలేదు. విద్య రాకుండ ఇంటికి పోవుట ఒక్కటే ఆతనికి సిగ్గుగా తోచెను.

విద్య ముగించుకొని స్వగ్రామము చేరిన పిదప నాటకములలోను, సభలలోను పాడుచుండెను. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని కారాగారవాసము అనుభవించెను. 1944లో సావిత్రితో ఆయన వివాహము జరిగెను. ఆ దినములలోనే చలనచిత్ర రచయిత సముద్రాల రాఘవాచార్యులుగారు ఆయన గానమును విని, మద్రాసు రమ్మని ప్రోత్సహించిరి.

మద్రాసు ఆయనను పూలదండలతో ఎదుర్కొనలేదు. నిలువ నీడ దొరకుటయే కష్టమాయెను. ఒక గ్రామఫోను సంస్థవారు ఆయన కంఠము తమకు పనికిరాదని తొలుత త్రోసిపుచ్చిరి. బృందగానములలో పదిమందితో కలిసి పాడి, చిన్నచిన్న వేషములు వేసి కాలము గడపెను. 1945లో వచ్చిన స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడు అవకాశము లభించెను. అంతట దారి తెరచుకొనెను. 1949లో వచ్చిన మనదేశము, కీలుగుఱ్ఱము చిత్రములతో సంగీత దర్శకునిగా ఆయన పేరు స్థిరపడెను. పనికిరాదనిన కంఠమే కొన్ని ఏండ్లలో ఇంటింట వినబడజొచ్చెను.

1951లో వచ్చిన పాతాళభైరవి ఆయన ప్రతిభకు గీటురాయి. తోటమాలి కొడుకు రాజకుమార్తెను ప్రేమించుట అందలి కథ. మాంత్రికుని మాయలు, పాతాళగుహలు పిల్లలను భయపెట్టును. ఆ భయము నడుమ ప్రేమికుల పాటలు చల్లని గాలివలె వీచి మనసునకు ఊరట కలిగించును. అట్లు కానిచో ఆ కథ ఉత్త గారడిగా మిగిలియుండెడిది.

1957లో వచ్చిన మాయాబజార్ విషయము ఇంకను విశేషమైనది. అందలి కొన్ని పాటలకు వరుసలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావుగారు. వారు ఆ చిత్రమును విడిచిన పిదప మిగిలిన భారమంతయు ఘంటసాల వహించి పూర్తిచేసెను. అందులో మోహనరాగమున ఒక నౌకావిహార గీతము కలదు. ముందు అభిమన్యుడును శశిరేఖయు, పిదప కృష్ణుడును రుక్మిణియు, తుదకు బలరాముడును రేవతియు అదే పడవనెక్కుదురు. వయసులు మారును; పాట మారదు. మూడు జంటలకును పాడినవారు ఘంటసాల, లీల ఇరువురే. ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్లీ తన యంత్రనైపుణ్యముచే తెరపై వెన్నెల కాయించెను. మోహనరాగము ఆ వెన్నెలకు చల్లదనమునిచ్చెను. ఆ చిత్రముననే ఘటోత్కచుడు పెండ్లివిందు నారగించునప్పుడు పాట నవ్వులు పూయించును. ఒకే కథలో ప్రేమ, హాస్యము, అద్భుతము ఒకదానినొకటి చెరుపక నిలుచుటకు సంగీతము తోడ్పడెను.

ఇతరులు స్వరపరచిన పాటలకును ఆయన తన ప్రాణము పోసెను. 1953లో వచ్చిన దేవదాసు చిత్రమునకు సంగీతము కూర్చినవారు సుబ్బరామన్ గారు. చిత్రము విడుదల కాకమునుపే వారు అకాలమరణము పొందిరి. భగ్నహృదయుడైన నాయకుని దుఃఖమును ఘంటసాల కంఠము ఎట్లు పలికించెననగా, తాగుబోతును చూచి ఏవగించుకొనవలసిన ప్రేక్షకుడు జాలితో కరిగిపోయెను. అక్కినేని నాగేశ్వరరావునకు పాడినప్పుడు ఆయనవలెను, నందమూరి తారకరామారావునకు పాడినప్పుడు ఆయనవలెను కంఠము ధ్వనించెడిది.

పద్యపఠనమున ఆయన చేసిన మార్పు మరువరానిది. నాటకరంగమున నటులు పద్యమునకు దీర్ఘమైన రాగాలాపన చేయుచుండిరి. రాగము మిగులును, మాట మరుగునపడును. ఘంటసాల పదములను అర్థానుసారముగా విడచి, రాగమును భావమునకు సేవకునిగా నిలిపెను. కరుణశ్రీ రచించిన పుష్పవిలాపము ఆయన కంఠమున విని చదువురానివారును కంట తడిపెట్టిరి. 1963లో వచ్చిన లవకుశలో ఈ నేర్పు పరాకాష్ఠనందెను. వాల్మీకి శిష్యులైన బాలకులకు లీల, సుశీల పాడిరి. తండ్రియెవరో తెలియని బిడ్డలు తండ్రి కథనే గానము చేయుచుండగా, సీత దుఃఖము వినువారందరి దుఃఖమయ్యెను.

కీర్తి వచ్చినను ఆయన జోలె పట్టిన దినములను మరువలేదు. గురుపుత్రుడైన సంగీతరావుగారు ఆయనకు చిరకాలము సహాయకులుగా పనిచేసిరి. 1970లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. 1971లో ఐరోపా, అమెరికా దేశములలో కచేరీలు చేసి అచ్చటి తెలుగువారిని ఆనందింపజేసెను. ఆరోగ్యము క్షీణించుచున్నను భగవద్గీతా శ్లోకములను తెలుగు తాత్పర్యముతో గానము చేసి ముద్రింపజేసెను. ఆ రికార్డు వెలువడుటను చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన, ఏబదియొక్క యేండ్ల వయసున ఆయన దివంగతుడయ్యెను.

విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయన పేరు పెట్టిరి. 2003లో భారత తపాలాశాఖ ఆయన స్మారకముగా బిళ్ళను వెలువరించెను. అయినను ఆయనకు నిజమైన స్మారకము ఆ కంఠమే. పెండ్లిపందిటిలో ఆయన ప్రేమగీతము, ఆలయమున ఆయన భక్తిగీతము, ఆప్తులను కోల్పోయిన యింట ఆయన గీతాగానము నేటికిని వినబడుచున్నవి. పదునొకండేండ్ల బాలుడు మనసున దాచుకొన్న తండ్రి కోరిక ఆ విధముగా తీరినది.