పండిత హృదయనాథ్ కుంజ్రూ

స్కౌటు దుస్తులు ధరించిన ప్రతి విద్యార్థికీ బేడెన్ పవెల్ పేరు తెలుసు. కాని మన దేశంలోని స్కౌట్లను ఒకే జెండా కిందికి చేర్చడానికి పాటుపడిన పండిత హృదయనాథ్ కుంజ్రూ పేరు తెలిసినవారు అరుదు. ఆయన తన గురించి చెప్పుకునే స్వభావం గలవారు కాకపోవడం అందుకు ఒక కారణం కావచ్చు.

కుంజ్రూ 1887 అక్టోబరు 1న జన్మించారు. తండ్రి అయోధ్యానాథ్ అలహాబాదులో పేరెన్నికగన్న న్యాయవాది, కాంగ్రెస్ తొలితరం నాయకులలో ఒకరు. తండ్రి వృత్తిని చేపట్టి ఉంటే సిరిసంపదలకు లోటుండేది కాదు. అయినా గోపాలకృష్ణ గోఖలే 1905లో పూనాలో నెలకొల్పిన భారత సేవక సమాజంలో ఆయన 1909లో చేరారు. స్వల్పమైన భృతితో జీవితాంతం దేశసేవ చేయడం ఆ సమాజ సభ్యుల నియమం. భార్య చిన్నవయసులోనే మరణించగా ఆయన మరల వివాహం చేసుకోలేదు.

సరిగా ఆ 1909లోనే బెంగళూరులో మన దేశపు తొలి స్కౌటు దళం ఏర్పడింది. అందులో ఆంగ్లేయుల, ఆంగ్లో ఇండియన్ల బిడ్డలకే ప్రవేశం. మన నేలపై మన పిల్లలకు చోటు లేదు! ఈ అన్యాయాన్ని తొలగించడానికి మద్రాసులో అనీబిసెంటమ్మ భారతీయ బాలుర కోసం వేరొక సంఘాన్ని స్థాపించారు. ఉత్తరాదిన మదనమోహన మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ వాజపేయి కలసి 1918లో సేవాసమితి స్కౌట్లను తీర్చిదిద్దారు. ప్రయాగ కుంభమేళాలో తప్పిపోయిన వారిని ఒడ్డుకు చేర్చడం, రోగులకు ఉపచారం చేయడం వంటి సేవాకార్యాలే ఆ సమితికి ప్రాణం.

1937 ఫిబ్రవరిలో ఢిల్లీలో అఖిల భారత జంబోరీ జరిగింది. బేడెన్ పవెల్ స్వయంగా విచ్చేశారు. అయితే ఆ పిదప భారతీయుల శీలాన్ని కించపరిచే అభిప్రాయాలు ఆయన పేరుతో లండను పత్రికలో వెలువడగా దేశమంతటా నిరసన చెలరేగింది. మరుసటి సంవత్సరం హిందూస్థాన్ స్కౌట్ సంఘం రూపుదాల్చింది. ఒకే వాగ్దానం చేసే పిల్లలు రెండు జెండాల కింద నిలిచే పరిస్థితి ఏర్పడింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ చీలికను మాన్పడం సులభమేమీ కాలేదు. అవమానపడినవారు మరచిపోవాలి, అధికారం చెలాయించినవారు దానిని వదులుకోవాలి. విద్యామంత్రి మౌలానా ఆజాద్, మంగళదాస్ పక్వాసా, కుంజ్రూ మున్నగు పెద్దల కృషి ఫలించి 1950 నవంబరు 7న రెండు సంఘాలూ కలసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థగా అవతరించాయి. 1951 ఆగస్టు 15న గైడ్లు కూడ వచ్చి చేరారు. తాము పెంచిన సంఘాన్ని తామే విలీనం చేయడానికి ఎంత మనోనిబ్బరం కావాలో సంస్థలు నడిపినవారికే తెలియాలి. కుంజ్రూ పండితులు కొత్త సంస్థకు జాతీయ కమిషనర్‌గా కూడ సేవలందించారు.

ఏకమైన ఆ కుటుంబపు మొదటి జాతీయ జంబోరీ 1953లో మన హైదరాబాదులో జరగడం తెలుగువారికి గర్వకారణం. కామాఠీపురాకు ఆ పేరు తెచ్చిన శ్రమజీవుల పూర్వీకులు బయలుదేరి వచ్చినది ఆ నిజాం సీమ నుండే గదా! జంబోరీ అనగా కేవలం వినోదం కాదు. పిల్లలు తమ గుడారం తామే వేసుకుంటారు, తమ వంట తామే వండుకుంటారు. రాత్రి నెగడు చుట్టూ కూర్చుని ఒక ప్రాంతం వారి పాటను మరొక ప్రాంతం వారు నేర్చుకుంటారు. ఫోరస్ రోడ్డు చాళ్లలో ఒకే గదిలో పెరిగే బాలునికి సైతం అక్కడ దేశమంతా ఇరుగుపొరుగే.

అదే ఏడాది నియమితమైన రాష్ట్రాల పునర్విభజన సంఘంలో ఫజల్ అలీ, పణిక్కర్‌లతో పాటు కుంజ్రూ సభ్యులు. తెలంగాణ, బొంబాయి రెండింటి భవిష్యత్తునూ ఆ సంఘం పరిశీలించింది. 1955లో అది చేసిన సిఫారసులు ఇక్కడివారికీ అక్కడివారికీ పూర్తిగా రుచించలేదు. బొంబాయి ద్విభాషా రాష్ట్రంగా ఉండాలన్న సూచనపై ఈ నగర వీధులలోనే ఎంత ఆందోళన రేగినదో పెద్దలు ఎరుగుదురు. పాఠశాలలలో నేడు కనిపించే ఎన్.సి.సి. కూడ 1946లో కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన సంఘం సూచనల ఫలితమే.

1968లో ప్రభుత్వం భారతరత్న ఇవ్వజూపగా ఆయన స్వీకరించలేదు. గణతంత్ర రాజ్యంలో బిరుదులు తగవని ఆయన అభిప్రాయం. 1978 ఏప్రిల్ 3న, తొంబదేళ్ల వయసులో, భారత సేవక సమాజ సభ్యునిగానే కన్నుమూశారు.