మబ్బులలో బాట

ఆకాశానికి హద్దులు లేవంటారు. కాని అందులో పయనించే విమానానికి హద్దులున్నాయి. మబ్బు కమ్మి నేల కనిపించని వేళ ఎంత ఎత్తులో ఎగరాలో, ఎక్కడ మలుపు తిరగాలో, ఎంతవరకు కిందికి దిగవచ్చో ముందే నిర్ణయించి ఉంటుంది. ఆ వివరాలను పటాలుగా గీసి చోదకుల చేతికి అందించినవారిలో అగ్రగణ్యుడు ఎల్రీ జెప్పెసన్.

జెప్పెసన్ 1907 జనవరి 28న అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, లేక్ చార్లెస్ పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు డెన్మార్క్ నుండి వలస వచ్చినవారు. బాల్యం ఆరెగన్ రాష్ట్రంలో గడిచింది. ఆకాశంలో విహరించే గద్దలను చూసి తానూ ఎగరాలని ఆ బాలుడు కలలు కన్నాడు. చదువు మధ్యలోనే విడిచి, విమాన విన్యాసాలు ప్రదర్శించే టెక్స్ రాంకిన్ బృందంలో చేరాడు. ఆయన పొందిన చోదక అనుమతి పత్రంపై ఆర్విల్ రైట్ సంతకం ఉండటం విశేషం.

1930లో జెప్పెసన్ బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థలో తపాలా విమానాలు నడిపే ఉద్యోగంలో చేరాడు. షయెన్, సాల్ట్ లేక్ సిటీల మధ్య రాకీ పర్వతాల మీదుగా సాగే ఆ మార్గం ప్రాణాంతకమైనది. ఆనాటి చోదకులకు రోడ్ల పటాలు, రైలు పట్టాలే ఆధారం. మంచు కమ్మితే అవీ కనిపించవు. ఆ శీతకాలంలోనే ఆయన సహచరులు కొందరు విమాన ప్రమాదాలలో మరణించారు. ఏ లోయలో ఏ అపాయం పొంచి ఉందో ఎరిగిన చోదకుడు మరణిస్తే, ఆ ఎరుక కూడా అతనితోనే మట్టిలో కలిసిపోయేది.

జెప్పెసన్ 10 సెంట్లు పెట్టి ఒక చిన్న నోటుపుస్తకం కొన్నాడు. విమానం దిగే మైదానాల పొడవు, వాలు, దీపాలు, చుట్టుపక్కల గల అడ్డంకులు అందులో రాసుకున్నాడు. వాతావరణం ఎలా ఉందో తెలిపే రైతుల ఫోన్ నంబర్లు సేకరించాడు. సెలవు రోజులలో ఎత్తును కొలిచే పరికరం వెంట తీసుకొని కొండలు, పొగగొట్టాలు, నీటి ట్యాంకులు ఎక్కి వాటి ఎత్తు లెక్కగట్టాడు. తోటి చోదకులు ఆ పుస్తకం ప్రతులు కావాలని కోరసాగారు. 1934లో ఆయన దానిని ముద్రించి 10 డాలర్లకు అమ్మడం ప్రారంభించాడు. 1936లో ఆయన వివాహమాడిన నాడీన్ ఆ వ్యాపారంలో చేదోడుగా నిలిచింది.

కాలక్రమంలో ఒక్కొక్క దేశం ఒక్కొక్క పద్ధతి పాటిస్తే ప్రమాదమని ప్రపంచం గుర్తించింది. 1944 డిసెంబరు 7న షికాగోలో కుదిరిన ఒడంబడికపై భారతదేశం కూడా సంతకం చేసింది. దాని ఫలితంగా అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఏర్పడి ఉమ్మడి నియమాలను రూపొందించింది. వాటి ప్రకారం, పరికరాల ఆధారంగా దిగే విమానం మెట్టుమెట్టుగా ఎత్తు తగ్గించుకోవాలి. నిర్ణీత కనిష్ఠ ఎత్తుకు చేరినా రన్‌వే జాడ కనిపించకపోతే, మారు మాట లేకుండా పైకి లేవాలి. దారి ఖాళీగా లేనప్పుడు రెండు తిన్నని దారులు, రెండు అర్ధవృత్తపు మలుపులు గల బాటలో తిరుగుతూ వేచి ఉండాలి. మలుపులు సాధారణంగా కుడివైపుకే ఉంటాయి. 14,000 అడుగుల వరకు వెలుపలికి సాగే దారి 1 నిమిషం. ఆపైన ఒకటిన్నర నిమిషం. ఒకదానిపై ఒకటిగా తిరిగే విమానాల మధ్య సాధారణంగా 1,000 అడుగుల ఎడం ఉంటుంది.

ఈ పద్ధతులను నిర్ణయించేవి ప్రభుత్వాలు. వాటిని ఏ దేశపు చోదకుడైనా క్షణంలో చదువుకోగల పటాలుగా మలచినది జెప్పెసన్ సంస్థ. ఆయన 1954లో చోదక వృత్తిని విడిచి పూర్తి కాలం పటాలకే అంకితమయ్యాడు. 1961లో సంస్థను అమ్మివేశాడు. 1995లో ప్రారంభమైన డెన్వర్ విమానాశ్రయ ప్రధాన భవనానికి, ఆయన జీవించి ఉండగానే ఆయన పేరు పెట్టారు. 1996 నవంబరు 26న ఆయన కన్నుమూశాడు.

జెప్పెసన్ కొత్త యంత్రాన్నేదీ కనిపెట్టలేదు. తాను కష్టపడి తెలుసుకున్నది తనలోనే దాచుకోక పదిమందికీ పంచాడు. నియమాలు కొందరికి సంకెళ్ళుగా తోచవచ్చు. కాని వాటిలో అనేకం ఎవరో ప్రాణాలు కోల్పోయి మిగిల్చిన పాఠాలు. మబ్బు చాటున క్షేమంగా దిగే ప్రతి విమానమూ ఆ సత్యాన్ని చాటుతుంది.