వర్ణములను విడదీసిన శాస్త్రజ్ఞుడు

ఆకు పచ్చదనములో దాగియున్న వర్ణములను వేరుపరచి లోకమునకు జూపినవాడు మిఖాయిల్ త్స్వేత్. రష్యను భాషలో త్స్వేత్ అనగా రంగు. ఇతడు 1872లో ఇటలీ దేశమందలి ఆస్తి పట్టణమున జన్మించెను. తండ్రి రష్యా దేశీయుడు. తల్లి ఇటలీ దేశీయురాలు. పసితనముననే తల్లిని గోల్పోయి జెనీవా నగరమున పెరిగెను. 1896లో అచ్చటి విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొంది రష్యాకు బోయెను. అచ్చట ఆ పట్టము చెల్లలేదు. త్స్వేత్ నిరాశ చెందక మరల పరిశోధన సాగించి, 1901లో కజాను నగరమున వేరొక పట్టమును సంపాదించెను.

పిమ్మట వార్సా నగరమున వృక్షశాస్త్రమును బోధించుచు నొక చక్కని ఉపాయమును కనిపెట్టెను. సన్నని గాజుగొట్టములో మెత్తని సుద్దపొడిని కూరి, దానిపై ఆకుల సారమును, వెంటనే శుద్ధమైన ద్రావకమును పోసెను. పొడిని గట్టిగా నంటుకొను పదార్థము పైననే నిలిచెను. అంతగా నంటనిది ద్రావకముతో క్రిందికి దిగెను. గొట్టములో పసుపు, ఆకుపచ్చ పట్టెలు వేర్వేరుగా నేర్పడెను. పత్రహరితము రెండు విధములని స్పష్టమయ్యెను. 1906లో నీ పద్ధతికి క్రోమటోగ్రఫీ యని పేరిడెను. గ్రీకు పదములనుబట్టి వర్ణలేఖనమని దాని యర్థము.

నాటి ప్రముఖ రసాయనవేత్తలు కొందరు దీనిని విశ్వసింపలేదు. 1915లో జర్మను సేనలు వార్సాను ఆక్రమింపగా, త్స్వేత్ ఊరూరు తిరుగవలసి వచ్చెను. 1919లో వొరోనెజ్ పట్టణమున 47 యేండ్ల వయసున మరణించెను.

1931లో హైడెల్బర్గు నగరమున కూన్, లెడరర్ అను శాస్త్రజ్ఞులు ఆతని పద్ధతిని మరల చేపట్టి సత్ఫలితములను బడసిరి. దానినే నూతన రీతిని పెంపొందించిన మార్టిన్, సింజ్ అను ఆంగ్లేయులకు 1952లో నోబెల్ బహుమానము లభించెను. మందుల శుద్ధిని, నీటిలోని విషములను పరీక్షించుటకు నేడును ఈ పద్ధతియే తోడ్పడుచున్నది. త్స్వేత్ తన కృషికి తగిన కీర్తిని కన్నులార గాంచలేదు. అయినను ఆతడు చూపిన సత్యము నిలిచినది.