దయానిధిని రాసిన ఏలూరు మనిషి

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మన నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఆధార్‌లో అడ్రస్ మార్చుకోవాలా వద్దా అని అందరూ ఆలోచిస్తుంటే, నాకు మాత్రం ఒక లాభం కనిపించింది. బుచ్చిబాబు మన జిల్లావాడు అయిపోయారు.

హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్తే వచ్చే ఆ ఏలూరులోనే ఆయన 1916 జూన్ 14న పుట్టారు. అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. బుచ్చిబాబు కలం పేరు. తెలుగులో "చివరకు మిగిలేది" అనే నవల రాసింది ఈయనే. ఆ పేరు యూట్యూబ్‌లో కొడితే ముందు సావిత్రి గారి 1960 సినిమా వస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ సినిమా ఒక బెంగాలీ కథ నుంచి వచ్చింది. పేరు ఒకటే, కథలు వేరు.

నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళు ఇలాంటి పుస్తకాలు మొదట ఇంగ్లీషులోనే చదివి ఉంటారు. ఎవరితోనూ కలవలేని కుర్రాడు, ఇంట్లో ఏదో గొడవ, తను ఎవరో తనకే తెలియదు. వాటికి ఇప్పుడు యంగ్ అడల్ట్ అని విడిగా ఒక షెల్ఫే ఉంది. అలాంటి మనిషి తెలుగులో కూడా ఉన్నాడని, అదీ ఎప్పుడో 1940లలోనే పుట్టాడని తెలిసేసరికి నాకు కొంచెం షాకే. అతని పేరు దయానిధి.

ముందు రాసినాయన సంగతి. బుచ్చిబాబు ఇంగ్లీషు సాహిత్యం బాగా చదువుకున్న మనిషి. అనంతపురంలోనూ విశాఖపట్నంలోనూ కొంతకాలం ఇంగ్లీషు లెక్చరర్‌గా చేశారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు అంత బాగా వచ్చినవాళ్ళకి ఇంగ్లీషులోనే పేరు తెచ్చుకోవాలని ఉంటే తప్పు పట్టేవాళ్ళెవరూ లేరు. ఆయన మాత్రం కథలు, నవల, నాటకాలు తెలుగులో రాశారు. షేక్స్పియర్ మీద రాయాలనుకున్నప్పుడు కూడా "షేక్స్పియర్ సాహితీ పరామర్శ" అని తెలుగులోనే రాశారు. అంటే అక్కడ చదివింది ఇక్కడికి తెచ్చారు. మనలో చాలామంది చేసేదానికి ఇది రివర్స్. మనం ఇక్కడ అనుభవించింది అక్కడి మాటల్లో స్టేటస్ పెడతాం.

1945లో ఆయన ఆలిండియా రేడియోలో చేరారు. చనిపోయేదాకా, అంటే దాదాపు 22 ఏళ్ళు అందులోనే పనిచేశారు. విజయవాడ కేంద్రంలో చాలాకాలం ఉన్నారు. రేడియోలో రాసేది చెవికి ఎక్కాలి. వెనక్కి తిప్పి మళ్ళీ వినే ఛాన్స్ శ్రోతకి లేదు. ఆయన కథల్లో కొన్నిచోట్ల ఆలోచనలు ఎంత మెలికలు తిరిగినా మాట మాత్రం పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. ఆ ఉద్యోగం వల్ల కూడా అది వచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది.

"చివరకు మిగిలేది" 1946-47లో నవోదయ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1952లో పుస్తకమైంది. దయానిధి సమస్య ఒక్క లైన్లో చెప్పొచ్చు. వాళ్ళమ్మ గురించి ఊళ్ళో నాలుగు రకాలుగా అనుకుంటారు. ఆ మాటల్లో నిజమెంత అన్నది కాదు ఈ నవలకి ముఖ్యం. ఆ మాటలు కొడుకుని ఏం చేశాయన్నదే ముఖ్యం. అమ్మ చనిపోతుంది, మాటలు మాత్రం చావవు. మద్రాసులో డాక్టరు చదువు చదువుతాడు, అక్కడా అవే వెంట ఉంటాయి. కోమలి అంటే ఇష్టం, పెళ్ళి మాత్రం ఇందిరతో. అతన్ని అర్థం చేసుకున్న అమృతం అప్పటికే ఇంకొకరి భార్య. ఎవరి దగ్గరికి వెళ్ళినా అతను వెతుకుతున్నది ప్రేమ ఒక్కటే కాదు. మా అమ్మ చెడ్డది కాదు, నేనూ చెడ్డవాణ్ణి కాను అని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మాట కోసం తిరుగుతూ ఉంటాడు.

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని సామెత. మన చుట్టూ ఉన్న మామిడి తోటల్లో అడిగితే మొలుస్తుందనే చెప్తారు. చిన్నరసం టెంక పాతితే వచ్చే చెట్టు సరిగ్గా తల్లిచెట్టు కాయే కాస్తుందన్న గ్యారంటీ లేదు. అదే కాయ కావాలంటే అంటు కట్టాల్సిందే. చెట్ల విషయంలో ఇంత క్లియర్‌గా ఉన్న మనం మనిషి దగ్గరికి వచ్చేసరికి తల్లి ఎలాంటిదో పిల్లాడూ అంతే అని తేల్చేస్తాం. హాస్టల్లో కొత్తవాడు దిగగానే ఏ ఊరు, మీ నాన్నగారు ఏం చేస్తారు, ర్యాంకెంత, ఎవరివాళ్ళు అని అడుగుతాం కదా. నాలుగు జవాబులు రాగానే వాడి ఫోల్డర్‌కి పేరు పెట్టేసి క్లోజ్ చేస్తాం. దయానిధికి జరిగింది దీనికి పెద్ద వెర్షన్.

చివరికి అతను కోస్తా వదిలేసి రాయలసీమకి, వజ్రాలు దొరికే నేలకి వెళ్ళిపోతాడు. బుచ్చిబాబు అనంతపురంలో పాఠాలు చెప్పిన రోజుల్లో చూసిన నేల అది. అక్కడ అతనికి ఏం దొరికింది, ఏం మిగిలింది అన్నది నేను చెప్పను. ఒకటి మాత్రం చెప్తాను. నవల చివరికొచ్చేసరికి ఊరు మారలేదు. జనం వచ్చి సారీ చెప్పలేదు. వాళ్ళ తీర్పు కోసం ఎదురుచూడటం అనేదే అతనిలో తగ్గింది. నాకు ఈ పుస్తకంలో నచ్చింది అదే. ఇంగ్లీషులో నేను చదివిన చాలా పుస్తకాల్లో చివరికి ఒక గ్యాంగ్ దొరుకుతుంది, లేకపోతే ఒక స్పెషల్ పవర్ బయటపడుతుంది. ఇక్కడ అవేవీ లేవు. నిజంగా మనలో ఎంతమందికి దొరుకుతాయి?

డేట్స్ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. హోల్డెన్ కాల్‌ఫీల్డ్ ఉన్న "ది క్యాచర్ ఇన్ ది రై" 1951లో వచ్చింది. అప్పటికే దయానిధి సీరియల్‌లో వచ్చేసి నాలుగేళ్ళు. యంగ్ అడల్ట్ నవలలకి దారి వేసిందని చెప్పే "ది అవుట్‌సైడర్స్", ఎస్.ఇ. హింటన్ అనే టీనేజ్ అమ్మాయి రాసింది, 1967లో వచ్చింది. బుచ్చిబాబు చనిపోయింది ఆ ఏడాదే. తర్వాత 1969లో నవీన్ గారి "అంపశయ్య" వచ్చింది. అందులో హీరో ఉస్మానియా హాస్టల్లో ఉండే స్టూడెంట్, కథ మొత్తం ఒక్క రోజులో అతని తలలో నడుస్తుంది. అంటే మనకి ఇలాంటి కథలు లేవు అనడం కుదరదు. మనం చదవలేదు అంతే.

నవల రాసింది ఒక్కటే అయినా కథలు 80 దాకా రాశారు. వాటిలో "నన్ను గురించి కథ వ్రాయవూ?" ఒకటి. కుముదం అనే మామూలు అమ్మాయి, రచయిత కనిపించినప్పుడల్లా తన గురించి కథ రాయమని అడుగుతుంది. ఈమెలో రాయడానికి ఏముంది అనుకుంటాడు ఆయన. స్పెషల్‌గా కనిపించకపోవడం వల్లే బయట నిలబడిపోయే మనుషులు ఉంటారు. క్లాసులో మూడో బెంచీలో, ఎవరికీ పేరు గుర్తుండని వాళ్ళలాగా. దయానిధి గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు, కుముదం గురించి ఎవరూ మాట్లాడరు. రెండు బాధలూ ఒకే మనిషికి అర్థమయ్యాయంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆయనకి 1937లో సుబ్బలక్ష్మి గారితో పెళ్ళైంది. ఆమె కూడా కథలూ నవలలూ రాశారు. ఇద్దరూ బొమ్మలు వేసేవారు. ఆయన ఎక్కువగా వేసింది ప్రకృతి దృశ్యాలు. కథల్లో చెట్టుని, కాలవని, వెలుతురుని అంత ఓపిగ్గా ఎలా చూశారో బొమ్మల సంగతి తెలిశాక అర్థమైంది. 1967 సెప్టెంబర్‌లో చనిపోయేనాటికి ఆయన వయసు 51. సుబ్బలక్ష్మి గారు ఆ తర్వాత యాభై ఏళ్ళకి పైగా బతికి, 2021లో వెళ్ళిపోయారు.

పుస్తకం గురించి ఒక ప్రాక్టికల్ మాట. మొదటి ముప్పై పేజీలు స్లోగా ఉంటాయి. తెలుగు చదివే స్పీడ్ తగ్గిపోయిన మనలాంటివాళ్ళకి ఇంకా స్లో. దయానిధి ఆలోచిస్తూనే ఉంటాడు, ఏమీ చెయ్యడు, విసుగు కూడా వస్తుంది. అయినా వదలకండి. మనసులో మనం ఇంగ్లీషులో అనుకునే మాటలు చాలా వాటికి తెలుగు ఉందని, అదీ మన అమ్మ మాట్లాడే తెలుగేనని అక్కడ తెలుస్తుంది. సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక, రసాలు దిగే టైమ్‌కి సెలవలు వస్తాయి కదా. అప్పుడు మొదలుపెట్టండి. చదివినవాళ్ళు నాకు చెప్పండి, అమృతం చేసింది రైటా కాదా అన్నదాని మీద నాకు మాట్లాడాలని ఉంది.