జాకీ రాబిన్సన్

క్రికెట్టే లోకమైన మన వేంపల్లె హాస్టల్ మిత్రులకు బేస్‌బాల్ కొత్త. అయినా ఈయన మనకు దగ్గరివాడే.

1919లో అమెరికాలోని జార్జియాలో, పరుల భూమిని పాలుకు సేద్యం చేసే నల్లజాతి కుటుంబంలో జన్మించారు. పెద్ద లీగుల్లో అప్పుడు నల్లవారికి ప్రవేశం లేదు. బ్రూక్లిన్ డాడ్జర్స్ యాజమాన్యం 1946లో ఆయనను ముందుగా కెనడాలోని తమ అనుబంధ జట్టు మాంట్రియల్ రాయల్స్‌లో ఆడించింది. శిక్షణకు వెళ్లిన ఫ్లోరిడాలో బెదిరింపులొచ్చి ఒక ఊరు విడవాల్సి వచ్చింది. మాంట్రియల్‌లో మాత్రం తెల్లవారి వీధిలోనే ఇల్లు అద్దెకిచ్చారు. అద్దె గది కోసం తిరిగి కులం చెప్పుకున్న మనకు ఇది చిన్న సంగతి కాదు. గర్భవతి అయిన భార్య రేచల్‌కు ఇరుగుపొరుగువారు తమ రేషన్ కూపన్లు తెచ్చిచ్చారు. ఆ అక్టోబరు 4న కప్పు గెలవగానే జనం ఆయనను భుజాలకెత్తుకున్నారు, వదలక వీధుల్లో వెంట పరుగెత్తారు.

1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ తరఫున పెద్ద లీగులో అడుగుపెట్టారు. 1972లో మరణించారు. ఆయన ధరించిన 42వ నంబరును 1997లో అన్ని జట్లూ ఆయన గౌరవార్థం పక్కన పెట్టాయి.