ఇంజినీరింగ్ చదివొస్తే చేతికి నూనె డబ్బా ఇచ్చారు.. నూనె కోసం రైలు ఆగే పని తప్పించిన ఎలిజా మెకాయ్ కథ ఇదీ!

కదిలే యంత్రం ఏదైనా సరే, నూనె అందకపోతే ఎక్కువ కాలం నిలవదు. ఇనుము ఇనుముతో రాసుకుని వేడెక్కుతుంది, అరుగుతుంది, చివరికి పట్టేస్తుంది. ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీల్లో బేరింగులకు ఆయిల్, గ్రీజు వాటంతటవే అందే ఏర్పాట్లున్నాయి. 150 ఏళ్ల కిందట ఆ పనంతా మనిషిదే. అలా నూనె పోసిన మనుషుల్లో ఒకరు ఎలిజా మెకాయ్.

ఆయన తల్లిదండ్రులు అమెరికాలోని కెంటకీలో నల్లజాతి బానిసలు. రహస్యంగా తప్పించుకుని కెనడా చేరారు. 1840ల్లో ఎలిజా అక్కడే పుట్టారు. పదిహేనేళ్ల వయసులో కొడుకును స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోకు పంపించారు. అక్కడ మెకానికల్ ఇంజినీరింగ్ నేర్చుకుని, అమెరికాలోని మిషిగన్‌కు వచ్చారు. కానీ నల్లజాతి వ్యక్తికి ఇంజినీర్ ఉద్యోగం ఎవరిస్తారు? మిషిగన్ సెంట్రల్ రైల్‌రోడ్‌లో దొరికింది ఫైర్‌మన్ పని. అంటే బాయిలర్‌లో బొగ్గు వేయడం, ఇంజిన్‌కు నూనె పోయడం.

అప్పట్లో కొంత దూరం నడిచాక రైలు ఆపాల్సిందే. కిందికి దిగి ఇరుసులకు, బేరింగులకు, ఇతర భాగాలకు నూనె పెట్టాలి. టైమంతా దానికే పోయేది. అన్నిటికన్నా చిక్కు సిలిండర్‌తోనే. లోపల ఆవిరి ఒత్తిడి ఉంటే నూనె ఎలా వెళ్తుంది?

మెకాయ్ ఆ ఆవిరినే వాడుకున్నారు. ఇంజిన్ నడుస్తుండగానే, ఆవిరి ఒత్తిడితో నూనె సిలిండర్‌లోకి చేరేలా ఓ కప్పు తయారుచేశారు. 1872 జూలైలో దానికి పేటెంట్ వచ్చింది. తర్వాత రైళ్లతో పాటు ఓడలు, ఫ్యాక్టరీల ఆవిరి ఇంజిన్లకూ ఇలాంటి లూబ్రికేటర్లు వచ్చాయి.

ఆయన అక్కడితో ఆగలేదు. 1915లో గ్రాఫైట్ లూబ్రికేటర్‌కు పేటెంట్ తీసుకున్నారు. కొత్త ఇంజిన్లలో ఆవిరి మరీ వేడిగా ఉండటంతో ఉత్త నూనె తట్టుకోలేకపోయేది. అందుకే నూనెలో గ్రాఫైట్ పొడి కలిపి, అది గొట్టంలో అడ్డుపడకుండా అందేలా చూశారు. తన పనుల్లో ఇదే గొప్పదని ఆయన నమ్మకం. నిజంగానే ఇది మొదటిదాని కంటే కష్టమైన లెక్క.

మొత్తం 57 పేటెంట్లు వచ్చినా డబ్బు మాత్రం నిలవలేదు. సొంతంగా తయారుచేసే పెట్టుబడి లేక చాలా హక్కులు ఇతరులకు రాసిచ్చేశారు. దాంతో వస్తువు మీద ఆయన పేరే ఉండేది కాదు. సొంత పేరుతో కంపెనీ పెట్టింది 1920లో, ముసలితనంలో.

అసలు సిసలు సరుకును ఇంగ్లిష్‌లో రియల్ మెకాయ్ అంటారు. అది ఈయన వల్లే పుట్టిందని చెబుతారు కానీ, దానికి దగ్గరి మాట 1850ల్లోనే స్కాట్లాండ్‌లో ఉంది. ఆ కథ లేకపోయినా ఈయన గొప్పతనానికి లోటేం లేదు.

1922లో జరిగిన కారు ప్రమాదం ఆ కుటుంబాన్ని దెబ్బతీసింది. గాయాలతో భార్య మేరీ చనిపోయారు. మెకాయ్ మళ్లీ కోలుకోలేదు. 1929 అక్టోబర్ 10న మిషిగన్‌లోని ఎలోయిస్ ఆసుపత్రిలో కన్నుమూశారు. 2012లో డెట్రాయిట్‌లో తెరిచిన అమెరికా పేటెంట్ ఆఫీసుకు ఆయన పేరే పెట్టారు.